పాచికలు ఎంచిన మాటలు

గ్యుమ్రీలో, జనవరిలో,
నల్లరాతి గ్రంథాలయం రెండో అంతస్తులో
హీటరు చుట్టూ తొమ్మిదిమంది కూర్చున్నారు.
బోర్డు మీద రాశాను: పాస్‌వర్డ్.
ఎవరిది వాళ్ళు కాగితం మీద రాసుకుని
మడిచి జేబులో పెట్టుకోమన్నాను.
నాకు చూపొద్దన్నాను.
అందరూ చూపించారు.

చెప్పులు కుట్టే గుర్గెన్‌ది కుక్క పేరు, పక్కన ఒకటి రెండు మూడు.
ఆ కుక్కని పేరుపెట్టి పిలవనివాళ్ళు వీధిలో లేరు.
లెక్కల టీచరు అరుస్యాక్‌ది
తన పేరే, తోక నుంచి తలకి.
"ఎవరికి తడుతుంది?" అంది గర్వంగా.
మిగిలినవాళ్ళలో నలుగురివి
ఒకటే నాలుగంకెలు.
పదకొండు నలభై ఒకటి.

ఎవరూ నవ్వలేదు.
ఆ డిసెంబరు పొద్దున నేల కదిలి
చౌరస్తాలో గడియారం ముళ్ళు ఆగిన వేళ అది.
నేనప్పుడు మా అమ్మకి ఏడోనెల.
"మరిచిపోలేనిదే పెట్టుకోమంటారు కదా" అన్నాడొకాయన.
ఏం చెప్పను?
మనం మరిచిపోలేనిది
ఊరంతటికీ తెలుసు, మామా.
ఊరికి తెలిసింది దొంగకి తెలియదా.

వార్దుయి ఏమీ మాట్లాడలేదు.
లవాష్ రొట్టెలు కాలుస్తుంది,
మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు.
కిందటి నెల ఎవడో ఆమె ఖాతాలో దూరి
ఆమె గొంతు పెట్టుకుని, రొట్టె కొనే అరవై ఇళ్ళకీ రాశాడు:
ఆసుపత్రిలో ఉన్నాను, కాస్త డబ్బు సర్దండి.
ఏడుగురు సర్దారు.
ఆ ఏడిళ్ళకీ ఇప్పుడు
ఊరికే రొట్టె పంపుతోంది, ఎవరూ అడక్కపోయినా.
ఏం పెట్టుకున్నావంటే
మనవరాలి పేరంది.
అదే పేరు కొట్టు బోర్డు మీద, అడుగెత్తు అక్షరాల్లో.

పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, చుక్క ఒకటి అని
పాత పాఠం మొదలెట్టబోయాను.
నోరు రాలేదు.
తలుపుకి గజ్జె కడితే గడియ పడ్డట్టా?

గుర్గెన్ కోటు జేబులో ఎప్పుడూ నార్దీ పాచికలుంటాయి.
అడిగి తీసుకున్నాను.
"మనసుని అడక్కండి. అది లొంగిపోతుంది.
పిల్లల పేర్లూ పుట్టినరోజులూ తప్ప దానికి దారి తెలీదు.
ఈ ఎముకలకి ఎవరూ చుట్టాలు కారు."
అట్ట చిరిగిన నిఘంటువు బల్ల మీద పెట్టాను.
పేజీకి మూడు పందేలు, వరుసకి రెండు.
అలా ఐదు మాటలు.

వార్దుయి విసిరింది.
"షెష్-బెష్!" అని అరిచాడు గుర్గెన్, అలవాటుకొద్దీ.
"నోరు ముయ్యి, అది తాళంచెవి" అంది అరుస్యాక్.
అందరం గోడవైపు తిరిగి నిలబడ్డాం
దాగుడుమూతలాడే పిల్లల్లా.
వెనక గలగల. పుట తిరిగిన చప్పుడు. పెన్సిలు గీత.
మళ్ళీ గలగల.

మూడో మాట దగ్గర నవ్వింది.
నాలుగో మాట దగ్గర ఛీ అంది.
మార్చుకోవచ్చా, అంది.
వద్దు. నచ్చింది ఏరుకుంటే అందులో నువ్వు కనిపిస్తావు.
ఐదోది పడ్డాక చాలాసేపు చప్పుడు లేదు.

మర్నాడు రొట్టెకి వెళ్తే
తోనిర్ గుంతలోకి వంగి, పిండిని గోడకి చరుస్తూ
పెదాలు కదుపుతోంది.
ఐదు చరుపులు, ఐదు మాటలు.
ఒకరికొకరు ఏమీకాని ఐదుగురు
ఒకే బండెక్కినట్టు.
"కథ కుదిరింది షుషానిక్" అంది, "రాత్రంతా నిద్రలేదు.
మూడోవాడు నాలుగోదాన్ని పెళ్ళాడతానంటాడు.
ఐదోది ఒప్పుకోదు."
తర్వాత?
తలెత్తి చూసింది.
పిండి చేత్తో నా మొహం ముందరి గాలిని
తలుపు మూసినట్టు నెట్టి
"పోవే" అంది.

వేడి రొట్టె చంకలో పెట్టుకుని
మంచులో నడుస్తున్నాను.
పదమూడేళ్ళుగా పుస్తకాల మధ్య నా బతుకు.
అడిగితే కథ చెప్పని మనిషిని ఇవాళే చూశాను.

నలుగురన్నాను కదా, గడియారం వేళ పెట్టుకున్నవాళ్ళు.
నాతో ఐదుగురు.
సందు మలుపులో ఆగాను,
ఇంటివైపు కాదు,
గుర్గెన్ కొట్టువైపు తిరిగాను.